అబద్ధపు దారి కూడా నీళ్లకే పోవాలె

“గా నీళ్ల గుండం పేరొక్కటి అడగకు తమ్మీ, ఇంక ఏమడిగినా చెప్త. నేను బడి మొకం చూడలే, గది చెప్త. రాసిన కథల మూడో అధ్యాయం మేక తిన్నది, గది సుత చెప్త. పుస్తకం అచ్చయ్యే ముంగట మా ఇంటామె పది దినాలు నాతోని మాట్లాడలే. ఎందుకు మాట్లాడలేదో గామెనే చెప్తది.”

గుర్వయ్య ఒక గొర్రెను మోకాళ్ల నడుమ ఇరికించి పట్టుకుని, పెరిగిన గిట్టను చాకుతో చెక్కుతూ మాట్లాడుతున్నాడు. ఎదురుగా గొంగడి మీద కూర్చున్న వెంకటనర్సు దేవరకొండ చేనేత సంఘంలో నూలు తూచి ఇచ్చే మనిషి. అక్కడి గ్రంథాలయంలో గుర్వయ్య నవల మూడుసార్లు చదివాడు. రాసినవాణ్ణి చూడకపోతే నిద్రపట్టదని, ఆదివారం పొద్దున్నే లేచి ఆమడ దూరం నడిచి వచ్చాడు. అది అరవై ఏడో సంవత్సరం. నవల వచ్చి మూడేళ్లయింది.

“నన్నెందుకు లాగుతవ్ నడుమ” అంది లోపలి నుంచి సైదమ్మ. అంటూనే చాట చేతపట్టుకుని గడప దాటి వచ్చి కూర్చుంది.

గుర్వయ్యకు అక్షరాలు వచ్చిన వైనమే ఒక కథ. యాభై మూడో, యాభై నాలుగో సంవత్సరం. అప్పటికి అతనికి ఇరవై రెండేళ్లు. పంటలు కోసినాక గొల్లలు ఊరూరా తిరిగి రైతుల పొలాల్లో మంద పెట్టేవాళ్లు. జీవాలన్నీ రాత్రంతా చేనులో పడుకుంటే ఆ పెంటికె ఎరువై చేనుకు బలం. పొద్దున్నే రైతు గింజలు కొలిచి ఇస్తాడు. అలా పోయిన ఒక ఊరి బడిపంతులు వెంకటరాజానికి రెండెకరాల చెలక ఉండేది. సాలెల ఇంట పుట్టి, మగ్గం విడిచి, చదువుకుని పంతులైన మనిషి. మంద పెట్టిన మొదటి పొద్దున ఆయన జొన్నలు తెచ్చి కొలవబోతే గుర్వయ్య గొంగడి పరచలేదు.

“గింజలొద్దు సారూ. గిన్ని అక్షరాలు పెట్టు” అన్నాడు.

పంతులు నవ్వాడు గానీ పెట్టాడు. తండ్రి దుర్గయ్య మాత్రం నవ్వలేదు. అక్షరాలు దంచి అంబలి కాచుకుంటావా అని కొడుకును నెల రోజులు తిట్టాడు. ఆ నెలంతా మంద ఆ చెలకను విడవలేదు. పక్క రైతులు పిలిచి పిలిచి అలిసిపోయారు. మరుసటి వానకాలానికి పంతులు చెలకలో జొన్న మనిషిని మించి లేచింది. గుర్వయ్యకు గుణింతాలు దాటి ఒత్తులు కూడా వచ్చాయి. ఎవరికి ఎక్కువ గిట్టిందో ఇప్పటికీ తేలలేదని ఇద్దరూ వాదించుకుంటూనే ఉంటారు.

తర్వాత చదువు పిచ్చి పట్టింది. పంతులు తెచ్చిచ్చిన నవలల్ని గుట్టల మీద, మందను చూస్తూ చదివాడు. అన్నింట్లోనూ అరుగులున్న ఇళ్లు, ఆ ఇళ్లలో మాట్లాడుకునే మనుషులు. ఒక్క నవలలో మాత్రం దారి తప్పిన జమీందారు కొడుక్కు ఒక గొల్లవాడు ఎదురై, కర్రతో దారి చూపి, పేజీ మధ్యలోనే వెళ్లిపోయాడు. గుర్వయ్య పుస్తకం చివరిదాకా అతని కోసం వెతికాడు. మళ్లీ రాలేదు. పుస్తకం పట్టుకుని పంతులు దగ్గరికి పోయి, ఈ మనిషి ఆ తర్వాత ఎటు పోయాడు, వాడి మందకు ఆ పూట నీళ్లు దొరికాయా లేదా అని నిలదీశాడు.

వెంకటరాజం పంతులు పుస్తకం మూసి తిరిగి చేతికిచ్చాడు. “వాడు ఎటు పోయిండో రాసినాయనకు ఎరుక లేదు. నీకు ఎరుక. నువ్వు రాయి. కానీ ఒక్క మాట గుర్వయ్యా, చూసింది రాయి. ఒక్క అబద్ధం రాయకు.”

ఆ మాట గుర్వయ్యకు మంత్రోపదేశం అయింది. నాలుగేళ్లు రాశాడు. గొర్రెలు మేస్తుంటే బండ మీద కూర్చుని, బడిపిల్లల నోటుబుక్కుల్లో, పెన్సిలుతో. ఆఖరి మాట పడేదాకా రాసిన కాగితాలను తలపాగాలో పెట్టుకునేవాడు. చెమట దిగి కాగితం ఉప్పగా అవుతుందనీ, ఉప్పంటే మేకకు ప్రాణమనీ గొల్లవాడై ఉండి తట్టలేదు. తలపాగా తీసి నీళ్లు తాగి వచ్చేలోపు మూడో అధ్యాయం మేక పొట్టలో పడింది. రెండోసారి రాస్తే మొదటిదానికన్నా బాగా వచ్చిందని ఇప్పుడు నవ్వుతాడు గానీ, ఆ పొద్దు ఆ మేకను గుట్ట చుట్టూ తరిమాడు.

ఏం రాశాడు? తను పదిహేనేళ్లవాడై ఉండగా వచ్చిన కరువు ఎండాకాలం రాశాడు. మూడు వందల జీవాలను తోలుకుని నల్లమల దిక్కు నడిచిన తండ్రీ కొడుకులను రాశాడు. దారిలో ఈనిన గొర్రెల పిల్లలను గొంగడి మడతలో వేసుకుని నడవడం, గంట చప్పుడు పట్టుకుని మంద వెంబడి వచ్చే గుడ్డి గొర్రె, రజాకార్లు ఒక రోజు, సంగపోళ్లను వెతికే నిజాం పోలీసులు ఇంకో రోజు వచ్చి కొవ్విన పొట్టేళ్లనే ఏరుకుపోవడం, అంతా రాశాడు. ఏడో అధ్యాయంలో, నాలుకలు బయటపెట్టిన మంద ఇంక ఒక్క అడుగు వేయలేదనుకున్న పూట, బండల మధ్య నీళ్లున్న గుండానికి చేరడం రాశాడు. గొర్రెలు తాగుతుంటే తండ్రి మొదటిసారి ఏడవడం రాశాడు.

పంతులు ఆ నోటుబుక్కులను శుభ్రంగా తిరగరాసి, హైదరాబాదులో పుస్తకాలు వేసే ఒకాయనకు పంపాడు. ఎనిమిది నెలలు ఉలుకూ పలుకూ లేదు. గుర్వయ్య ఆశ వదులుకుని మందతో ఊళ్లు పట్టుకు తిరుగుతుంటే, పంతులు సైకిలు మీద పొలాల గట్లు ఎక్కించుకుంటూ, దించుకుంటూ వెతికి పట్టుకున్నాడు. వేస్తారట. ‘ఎండకాలపు మంద’ అని పేరు కూడా ఖాయం చేశారట. గుర్వయ్య కర్ర అక్కడే పడేసి పంతులును సైకిలుతో సహా ఎత్తాడు. ఆ రోజు గొర్రెలు రెండు చేన్లలో పడి మేశాయి. తిట్టడానికి వచ్చిన రైతులు కూడా సంగతి విని, ఎంత మేశాయో చూడకుండానే తిరిగి పోయారు.

అరవై నాలుగు మాఘంలో అచ్చు ప్రతులు వచ్చాయి. ఇంకా పుస్తకం కాలేదు. పొడుగాటి కాగితాల మీద నల్లగా, తడి వాసనతో. తప్పులు దిద్ది పంపాలి, వచ్చే గురువారం మిషను ఎక్కిస్తాం అని చీటీ.

ఆ పొద్దు గొల్లవాడలో ఉన్ని కత్తిరిస్తున్నారు. వాడంతా దుర్గయ్య దొడ్డి ముందే ఉంది. పదిమంది మగవాళ్లు గొర్రెలను పడేసి కత్తెరలు ఆడిస్తున్నారు. ఆడవాళ్లు ఉన్ని విడదీస్తున్నారు. ఇంత మంచి సభ మళ్లీ దొరకదని గుర్వయ్య కాగితాలు తెచ్చి చదవడం మొదలుపెట్టాడు. మొదట ఎవరూ పట్టించుకోలేదు. గుడ్డి గొర్రె వచ్చేసరికి, అది మా మందలోదే అని ఒకరు, కాదు మాదే అని ఒకరు తగువు పడ్డారు. పొట్టేళ్లను పట్టుకుపోయిన చోట ఆడవాళ్లు శాపనార్థాలు పెట్టారు. తల్లి బక్కమ్మ, కొడుకు రాసిన మాటలు తనకు కూడా అర్థమవుతున్నందుకు, కాగితం మీది మాటలు కూడా తన మాటల్లాగే ఉన్నందుకు, ఉన్ని పక్కన పెట్టి అతని నోటి వంకే చూస్తూ కూర్చుంది. గుర్వయ్య గొంతు లేచింది. ఏడో అధ్యాయం మొదలుపెట్టాడు. ఏ వాగు దాటాలో, ఏ బండ కనబడగానే ఎడమ చేతికి తిరగాలో, అక్కడి నుంచి ఎన్ని కేకల దూరమో, గుండం మీదికి వంగిన చెట్టు ఏదో, పూసగుచ్చినట్లు చదువుకుంటూ పోయాడు.

కత్తెరల చప్పుడు ఆగిపోయింది. ఆగిన సంగతి గుర్వయ్యకు ఇంకో పేజీ చదివినాక గానీ తెలియలేదు.

ఆ గుండం ఏడు ఇండ్ల సొత్తు. అడవి సర్కారుదే, నీళ్లు దేవుడివే. కానీ దారి ఆ ఏడు ఇండ్లది. ఎండలు ముదిరి అన్ని చెలిమలూ ఎండినాక మిగిలే నీళ్లవి. ఏడు మందలకే బొటాబొటి. కొడుకు మొదటిసారి మందతో అడవికి నడిచే ఏడు, తండ్రి అతని చేత పెద్ద పొట్టేలు వీపు మీద చెయ్యి వేయించి, ఒట్టు పెట్టించి, ఆ దారి చూపిస్తాడు. ఇంటి ఆడవాళ్లకు కూడా చెప్పరు. ఆడపిల్ల రేపు అత్తగారింటికి పోతుంది, కోడలికి పుట్టిల్లు ఉంటుంది.

అందరికన్నా పెద్దవాడు అంజన్న కత్తెర కింద పెట్టాడు. “గిది ఎన్ని బుక్కులు కొడ్తరు?”

“వెయ్యి” అన్నాడు గుర్వయ్య. ఆ అంకె చెప్తే మెచ్చుకుంటారని పొద్దున్నుంచీ దాచుకున్నాడు. ఇప్పుడది నోట్లోంచి రాయిలా పడింది.

“వెయ్యి మందలకు దావత్ ఇచ్చినవ్ బిడ్డా” అన్నాడు అంజన్న.

అప్పుడు సైదమ్మ లేచి ఇంట్లోకి పోయింది. ఆ సంగతి ఇప్పుడు ఆమె తానే అందుకుంది, చాట పక్కన పెట్టి, వెంకటనర్సు వైపు తిరిగి. “పన్నెండేండ్ల సంది ప్రతి ఎండకాలం అడిగిన. ఏడికి పోతరు, జర ఏ దిక్కుకో అన్న చెప్పు, కాలు విరిగి పడితే ఏడ వెతుకుడు అని. ఒట్టు ఉన్నదన్నడు. సరే ఒట్టేనాయె అనుకున్న. కట్టుకున్నదానికి లేని దారి, పైసలు పెట్టి బుక్కు కొన్నోనికి చెప్తడట. నువ్వే చెప్పు అన్నా, మాట్లాడబుద్ధయితదా?”

వెంకటనర్సు గుర్వయ్య వంక చూశాడు. గుర్వయ్య గొర్రె గిట్ట వంక చూశాడు.

నిజానికి అతను ఒట్టు మరిచిపోలేదు. పుస్తకానికి ఒట్టు తగలదనుకున్నాడు. చూసింది రాయమన్నాడు పంతులు, ఒక్క అబద్ధం వద్దన్నాడు. రాసేటప్పుడు గుండం కళ్ల ముందే ఉంది, రాశాడు. ఆ సభలో నిలబడి, ఏడో అధ్యాయం చించేస్తానని, అది లేకుంటే నవలే లేదు గనుక మొత్తం ఆపేయమని పట్నానికి జాబు రాస్తానని అన్నాడు. నాలుగేళ్ల రాత, ఎనిమిది నెలల ఎదురుచూపు, అన్నీ ఆ పొడుగాటి కాగితాల్లోనే ఉన్నాయి.

కొడుకు పుస్తకంలో తాను ఏడ్చిన చోట దుర్గయ్య మళ్లీ కళ్లు తుడుచుకున్నాడు. అది చూసినవాళ్లు చూశారు. కత్తెర పక్కన పెట్టి, “చింపుడెందుకు?” అన్నాడు. “నీళ్లు ఉండనీ. దారి మార్చు.”

అబద్ధం రాయొద్దన్నాడు పంతులు, అని నసిగాడు గుర్వయ్య.

“పంతులు సాలెల పిల్లగాడు, గాయనకేం తెలుసు. గొల్లోడై పుట్టి అబద్ధం చెప్పుడు నేర్వకపోతివి, గిదేం కతరా నీది. దారిల ఎదురొచ్చిన మందోడు నీళ్లేడున్నయని అడిగితే నేనేం చెప్పిన్నో ఎన్నడన్న చెవి పెట్టి విన్నవా?”

వినలేదు. మంద వెనక నడిచేవాడికి ముందు జరిగే మాటలు వినబడవు.

దుర్గయ్య అక్కడే, సగం ఉన్ని కత్తిరించిన గొర్రెను పక్కన కూర్చోబెట్టుకుని, పాఠం చెప్పాడు. ఉత్త అబద్ధం నిలబడదట. మొదట మూడు నిజాలు చెప్పాలట. వాగు నిజం, బండ నిజం, చెట్టు నిజం. మనిషికి నమ్మకం కుదిరినాక అప్పుడు తిప్పాలట. తిప్పినాక దారి సుఖంగా ఉందంటే ఎవరూ నమ్మరు, కాబట్టి ముళ్లు పెట్టాలి, ఒక చోట జీవాలు జారే రాయి పెట్టాలి, చిరుత అడుగులు పెడితే ఇంకా మంచిది. చెప్పేటప్పుడు కొంచెం దాస్తున్నట్లు చెప్పాలి. అడిగినవాడు తానే కనిపెట్టాననుకోవాలి. వాడంతా నవ్వడం మొదలుపెట్టింది. అంజన్న కూడా తాను ఫలానా ఏడు ఫలానా మందవాణ్ణి ఎలా తిప్పాడో అందుకున్నాడు. గుర్వయ్యకు ఇన్నేళ్లు చదివిన నవలల్లో ఏది ఎందుకు నమ్మబుద్ధయిందో, ఏది ఎందుకు కాలేదో, అన్నీ ఒక్కసారిగా అర్థమవుతున్నాయి. అక్షరం ముక్క రాని తండ్రి అక్కడ కూర్చుని నవల రాయడం నేర్పుతున్నాడు.

అయినా ఒకటి అడిగాడు. “మరి నా బుక్కు చదివి నిజంగనే ఎవడన్న మందను తోలుకపోతే? నీళ్లు లేక జీవాలు చస్తే?”

దుర్గయ్య ముఖంలో నవ్వు పోయింది. “గది అసలు మాట. అబద్ధపు దారి కూడ నీళ్లకే పోవాలె. తిప్పు, ఎంతన్న తిప్పు, ఆఖరికి కృష్ణ ఒడ్డుకు తెచ్చి వదిలిపెట్టు. ఏటికి ఏ మంద పోతే మనకేంది. మనిషిని మోసం చెయ్యొచ్చు, గొర్రెను చెయ్యొద్దు. గట్ల చేసినోడు మన ఏడిండ్లల ఎవ్వడు లేడు.”

గుర్వయ్య ఉన్ని మూట మీద కాగితం పెట్టుకుని, సాయంత్రం గొర్రెలు దొడ్డికి చేరేలోపు ఏడో అధ్యాయం తిరగరాశాడు. వాక్యానికొకరు సలహా చెప్పారు. జారే రాయి అంజన్నది, చిరుత బక్కమ్మది. సైదమ్మ మాట్లాడకుండానే వచ్చి దీపపు సెమ్మె పక్కన పెట్టి పోయింది.

టపాలో వేస్తే గురువారానికి అందదు. బుధవారం తొలికోడికే నడిచి, దేవరకొండలో మోటరెక్కాడు. దారి పొడుగునా ఆ అధ్యాయం ఛాతీకి అదుముకునే ఉన్నాడు. నందికొండ దగ్గర కృష్ణ మీద కడుతున్న కట్ట పనికి పోయి వచ్చేవాళ్లతో మోటరు నిండి ఉంది. ఇబ్రహీంపట్నం దగ్గర ఒకసారి దిగి తోయాల్సి వచ్చింది. పట్నంలో నలుగురిని అడిగి, మిట్టమధ్యాహ్నానికి ప్రెస్సు పట్టుకున్నాడు. లోపలికి పోతే ఏడో అధ్యాయం కూర్చి, చట్రంలో బిగించి, మిషను పక్కన సిద్ధంగా ఉంది.

అక్షరాలు కూర్చే మనిషి ఇస్రాయేలు, మహబూబ్‌నగర్ దిక్కువాడు. గుర్వయ్య చెప్పింది విని, ఓనరుకు తెలిస్తే నా నౌకరీ పోతుందని ముందు తల అడ్డంగా ఊపాడు. గుర్వయ్య బతిమిలాడలేదు. కింద కూర్చుని ఉన్నది ఉన్నట్లు, పొట్టేలు ఒట్టు దగ్గర్నుంచి సైదమ్మ మౌనందాకా చెప్పాడు. ఇస్రాయేలు నవ్వాడు. అచ్చంపేట దగ్గర తన మేనమామకు కూడా నూరు మేకలున్నాయన్నాడు.

గుర్వయ్య అతని చేతుల వంక చూశాడు. కూర్చినవాడు ఈ మనిషే. దారి అక్షరం అక్షరం ఇతని వేళ్ల కిందుగానే పోయింది.

“ఫికర్ చెయ్యకన్నా” అన్నాడు ఇస్రాయేలు. “మాకు అక్షరాలే కనబడ్తయి, అది సుత తలకిందుల. పొద్దుందాక కూర్చినదాంట్ల ఏం రాసున్నదని నన్నడిగితే నేనేం చెప్పలేను.”

చట్రం విప్పాడు. గుండం దారి వరుసలు వరుసలుగా ఊడి వచ్చింది. ఇస్రాయేలు వేళ్లు ఎగిరే పిట్టల్లా ఆడుతుంటే వాగు, బండ, ఎడమ చెయ్యి, వంగిన చెట్టు, అన్నీ విడి అక్షరాలై వాటి వాటి గూళ్లలో పడిపోయాయి. గుర్వయ్య నిలబడి ఆఖరి అక్షరం పడేదాకా చూశాడు. తర్వాత అవే అక్షరాలు లేచి వచ్చి కొత్త దారిగా కూడుతుంటే, తన అబద్ధం సీసంలో గట్టిపడి మెరుస్తుంటే, తానిప్పుడు రాసేవాణ్ణి అయ్యానని మొదటిసారి అనిపించింది. దీపాలు పెట్టే వేళకు కూర్పు ముగిసింది, మర్నాడు మిషను తిరిగింది.

పుస్తకం వచ్చింది. దుర్గయ్య మొదటి ప్రతిని వాసన చూసి, తూకం చూసి, గొంగడి కింద పెట్టుకుని పడుకున్నాడు. పట్నం పత్రికలో ఒకాయన, రచయిత అడవి దారులను కొలిచినట్లు నిజాయితీగా వర్ణించాడని రాశాడు. ఆ ముక్క చదివి వినిపిస్తే వాడ వాడంతా కడుపులు పట్టుకుని నవ్వింది. కాలేజీ పిల్లలు ముగ్గురు ఆ దారి పట్టుకుపోయి, ముళ్లు గీరుకుని, చిరుత కనబడలేదని నొచ్చుకుని, చివరికి కృష్ణలో మునిగి వచ్చామని ఉత్తరం రాశారు. సైదమ్మకు కోపం పదకొండో రోజున పోయింది. గుర్వయ్య ఏం చెప్పి పోగొట్టాడో ఇద్దరూ చెప్పలేదు. ఆ ఎండాకాలం గుండం దగ్గర ఏడు మందలే తాగాయి. ఆ మరుసటి ఏడు కూడా ఏడే.

పొద్దు నడినెత్తికి వచ్చింది. వెంకటనర్సు లేచి చెప్పులు వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చినట్లు ఆగాడు. గ్రంథాలయం ప్రతిలో, ఏడో అధ్యాయం అంచున ఎవరో పెన్సిలుతో రాశారన్నాడు: ఈ దారి తప్పు, అసలు గుండం ఇటు కాదు, అని మొదలుపెట్టి ఐదారు వరుసలు. ఎటో కూడా రాశారన్నాడు.

గుర్వయ్య చేతిలోని చాకు ఆగింది. గొర్రె విడిపించుకుని పరుగెత్తింది, అతను పట్టుకోలేదు. వెంకటనర్సు ఆ వరుసలు తనకు గుర్తున్నంతవరకు చెప్తుంటే కదలకుండా విన్నాడు. సైదమ్మ మొగుడి ముఖం వంకే చూసింది. ఆ ముఖంలో అవునో కాదో వెతికింది. ఏమీ దొరకలేదు. దుర్గయ్య కొడుకు ముఖం అది.

“తిరిగిపోంగనే చెరిపేస్త గుర్వన్నా” అన్నాడు వెంకటనర్సు.

“చెరపకు” అన్నాడు గుర్వయ్య వెంటనే. “చెరిపితే నిజమనుకుంటరు. నువ్వొక పని చెయ్యి తమ్మీ. గా రాత కింద ఇంకో చేతిరాతతోని ఇంకో దారి రాయి. దాని కింద నీ దోస్తు ఎవలన్న ఉంటే వానితోని ఇంకోటి రాయించు. ముళ్లు పెట్టు, జారే రాయి పెట్టు, నీకేది తోస్తే గది పెట్టు. కానీ యాదికుంచుకో, ఎవలు రాసినా సరే, అన్నీ కృష్ణ ఒడ్డుకు పోయేటట్టే రాయుండ్రి.”